జోగ్జాలో చివరి మూడు వారాలు: కాళ్లకు కాదు, చెవికి పని పెట్టు

చెల్లీ, వయసులో పెద్దదాన్ని కాబట్టి ‘నువ్వు’ అంటున్నాను, ఏమీ అనుకోకు. మధ్యలో చదివేవాళ్లకు అర్థం కావాలి కదా, నీ ప్రశ్న రెండు ముక్కల్లో చెప్పి మొదలుపెడతాను. మీది రాజాం. విజయనగరంలో కూచిపూడి నేర్చుకుని, ఇండోనేషియా ప్రభుత్వం వారి ధర్మసిస్వ స్కాలర్‌షిప్ మీద జావా నృత్యం నేర్చుకోవడానికి జోగ్జకర్తా, అదే జోగ్జా, వెళ్లావు. ఏడాది అయిపోవచ్చింది, మూడు వారాలే మిగిలాయి. చివర్లో గోలెక్ ఆయున్-ఆయున్ అనే జావా నృత్య ప్రదర్శన ఉంది. తోటి పిల్లలు అయిదు రోజులు బాలి వెళ్లి అక్కడి నృత్యం లెగోంగ్ కూడా నేర్చేసుకుందాం అంటున్నారు. పూర్తి ఆహార్యం కొనాలో వద్దో తేలలేదు. ఇక్కడ మీ గురువుగారు ఫోన్ చేసినప్పుడల్లా ‘నీ అరమండి, ఆ మోకాళ్లు వంచి నిలబడే భంగిమ, పోయుంటుందే’ అని దిగులు పడుతున్నారు. నువ్వేమో ‘వచ్చింది సగం కూడా లేదు, ఈ మూడు వారాల్లో ఎంత లాగగలను’ అని అడిగావు.

నేనూ అదే ఊళ్లో అదే స్కాలర్‌షిప్ మీద చదివి వచ్చినదాన్నే. ఇప్పుడు విజయనగరంలో పాఠాలు చెప్పుకుంటున్నాను. మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచి ఇలా వెళ్లే పిల్లలు అడపాదడపా నన్ను అడుగుతూనే ఉంటారు. అందరికీ చెప్పేదే నీకూ చెబుతాను: ఇంక కొత్త నృత్యం ఒక్కటి కూడా వద్దు. మిగిలిన రోజులు కాళ్లకూ చేతులకూ కాదు, చెవికి ఇవ్వు.

ఎందుకంటావా? కదలికలు వీడియోల్లో దొరుకుతాయి. అక్కడి మీ మాస్టారు చేసి చూపించినవి నీ ఫోన్‌లో ఉంటాయి, యూట్యూబ్‌లో ఇంకా బోలెడున్నాయి. గామెలాన్, అంటే జావా నృత్యానికి వాయించే కంచు వాయిద్యాల మేళం, మాత్రం నీకు ఇక్కడ దొరకదు. పైగా ఏ రెండు గామెలాన్ సెట్లూ ఒకే శ్రుతిలో ఉండవు. ప్రతి సెట్టునూ దానికదే కలిసేలా పోతపోసి, సుత్తితో కొట్టి, అరగదీసి సరిచేస్తారు. శ్రుతి పద్ధతులు రెండు: స్లెండ్రోలో అయిదు స్వరాలు, పెలోగ్‌లో ఏడు. స్లెండ్రో వింటే మోహన రాగంలా అనిపిస్తుంది గానీ హార్మోనియం మీద వెతికితే మెట్టు మెట్టుకీ కాస్త పక్కకి పోతుంది. రాజాం వచ్చాక కీబోర్డు మీద వాయించుకుని సాధన చేస్తానంటే కుదిరే పని కాదది.

ఇప్పుడు అసలు విషయం, గాంగ్, అంటే వేలాడదీసి కొట్టే పెద్ద కంచు వాయిద్యం. మన పిల్లలు దాదాపు అందరూ తడబడేది ఇక్కడే, చాలామంది అది తెలియకుండానే తిరిగొచ్చేస్తారు కూడా. మనకు ఆది తాళంలో బరువంతా మొదటి దెబ్బ మీద ఉంటుంది. సమం అంటే ఒకటి. అక్కడ బరువు చివరి దెబ్బ మీద. లెక్క సతు, దువా అని మొదలై దెలపాన్ దగ్గర, అంటే ఎనిమిది దగ్గర, వాలుతుంది. గాంగ్ పడేది ఎనిమిది మీద. మన చెవి పెద్ద శబ్దం వినగానే ‘ఇదే సమం, ఇదే ఒకటి’ అనుకుని అడుగు మొదలుపెట్టేస్తుంది. వాళ్లకేమో అక్కడ అడుగు పూర్తవ్వాలి. సంపూర్, అంటే నడుముకి కట్టుకున్న కండువా, విసిరిన చెయ్యి ఆ గాంగ్‌తో వాలి ఊరుకోవాలి. మాస్టారు నిన్ను ‘తొందరపడుతున్నావు’ అని ఏడాదిగా అంటూ ఉంటే కారణం నీ వేగం కాకపోవచ్చు, నువ్వు ఎనిమిదిని ఒకటిగా వింటున్నావేమో చూసుకో.

దీనికో దారి ఉంది. మన తీర్మానం గుర్తు తెచ్చుకో. ముక్తాయింపు మూడుసార్లు వేసి సమం మీద వచ్చి ఆగుతాం కదా, ఆ వాలడం నీ ఒంటికి తెలుసు. జావా నృత్యంలో ప్రతి ఎనిమిదీ అలాంటి వాలడమే, కాకపోతే దాని ముందు ఆర్భాటం ఉండదు. రోజూ పొద్దున నాట్యం చేయకుండా, కుర్చీలో కూర్చుని రికార్డు పెట్టుకుని, చేత్తో ఎనిమిది మీద మాత్రమే తాళం వెయ్యి. మొదటి రెండు రోజులూ చెయ్యి ఒకటి మీదకే పోతుంది. మూడో రోజుకి దారిలో పడుతుంది.

మీ నృత్యానికి వాయించేది లద్రాంగ్ ఆయున్-ఆయున్. లద్రాంగ్ అంటే ఒక గాంగ్‌కి 32 మాత్రలు, నాలుగు ఎనిమిదులు. ప్రతి ఎనిమిది చివరా కెనొంగ్ అనే కుండ లాంటి గాంగ్ పడుతుంది, నాలుగో దాని చివర కెనొంగ్‌తో పాటు పెద్ద గాంగ్. రెండు, మూడు, నాలుగో ఎనిమిదుల నడుమ, అంటే 12, 20, 28 మాత్రల మీద, కెంపుల్ అనే చిన్న వేలాడే గాంగ్ పడుతుంది. మొదటి ఎనిమిదిలో పడదు, ఆ చోటు ఖాళీ వదిలేస్తారు. వేదిక మీద లెక్క తప్పితే నిన్ను కాపాడేది ఆ ఖాళీయే. ఎనిమిది సగంలో కెంపుల్ వినపడలేదంటే గాంగ్ ఇప్పుడే దాటావన్నమాట, ఆవర్తం కొత్తగా మొదలైంది. కెతవాంగ్ అయితే 16 మాత్రలే, రెండు కెనొంగ్‌లు. ఈ రెండూ చెవితో గుర్తుపట్టగలిగితే చూసే ప్రదర్శనల్లో సగం నీకు తెరుచుకుంటుంది.

ఇంకొకటి కూడా విని పెట్టుకో. పెద్ద గాంగ్ ఒక్కోసారి రావాల్సిన క్షణం కన్నా పిసరంత ఆగి పడుతుంది, ముఖ్యంగా పాట ముగిసే దగ్గర లయ సాగదీస్తూ వచ్చినప్పుడు. మన మృదంగం దగ్గర పెరిగిన పిల్లలకి అది తప్పులా వినిపిస్తుంది. తప్పు కాదు. ఆ పిసరు ఎంతో మెట్రోనోమ్ చెప్పదు, వాయించేవాళ్ల పక్కన కూర్చుంటేనే పట్టుబడుతుంది. అందుకే అంటున్నాను, చివరి వారాల్లో డాన్సు క్లాసు అయిపోగానే వెళ్లిపోకు. వాయిద్యం వాళ్ల సాధనలో కెథుక్ లాంటి చిన్న వాయిద్యం దగ్గర కూర్చోనిస్తారేమో అడుగు. మర్యాదగా అడిగితే సాధారణంగా కాదనరు. చెప్పులు బయట విడవాలనీ, వాయిద్యాల మీంచి దాటకూడదనీ నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

కెండాంగ్ సంగతి వేరే చెప్పాలి. మొత్తం బృందాన్ని నడిపేది ఆ డోలే. లయ మారాలన్నా, ముగియాలన్నా సైగ దాన్నుంచే వస్తుంది. నీ నడుం తిప్పుకీ, సంపూర్ విసురుకీ జవాబిచ్చేదీ అదే. మన దగ్గర జతి ఉన్నట్టే కెండాంగ్‌కీ తక్, ధా, థుంగ్, కెత్ అంటూ నోటితో పలికే పద్ధతి ఉంది. మీ మాస్టారిని గోలెక్ మొత్తం, మొదటి నుంచి చివరి దాకా, నోటితో పలికి వినిపించమని అడుగు, రికార్డు చేసుకో. నీ దగ్గర ఉన్న అన్ని వీడియోల కన్నా అది విలువైనది. కూచిపూడి పిల్లవి, శబ్దం నోటికి వస్తే ఒంటికి అదే వస్తుంది.

మన తప్పెటగుళ్లు చూశావు కదా. గుండెకి తప్పెట కట్టుకుని వాయించేవాడే ఆడతాడు, ఆడేవాడే గెంతుతాడు, డోలుకీ ఒంటికీ మధ్య ఇంకో మనిషి లేడు. మన వైపు పిల్లలకి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. మనం క్లాసికల్ క్లాసులకి వెళ్లాకే వాయించేవాళ్లు వేరు, ఆడేవాళ్లు వేరు అని అలవాటు పడ్డాం. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్‌గా 1919లో మొదలైన సంగీత కాలేజీ ఉన్న ఊళ్లో నేర్చుకున్నదానివి నువ్వు. కాళ్లూ చేతులూ తలా కలిపి అయిదు తాళాలు ఒకేసారి వేసేవారని ఆయన గురించి ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. నీకు రెండు తాళాలు చాలు.

రికార్డింగుల గురించి బేగి చెప్పేస్తాను. క్లాసులో వాడే పాట ఏదో సరిగ్గా అదే ఫైలు అడిగి తీసుకో. అదే పేరుతో దొరికే వేరే రికార్డులో లయ మారే చోట్లు వేరుగా ఉండొచ్చు, అప్పుడు నీ నృత్యం దాని మీద కూర్చోదు. వేదిక మీద వాడుకోవచ్చా అని కూడా అప్పుడే అడిగెయ్యి. వీడియో ఎదురుగా ఒకటి, వెనక నుంచి ఒకటి తీసుకో, ఎడమా కుడీ గందరగోళం ఉండదు. పాదాలు మాత్రమే కనపడేలా ఇంకొకటి. త్రిసిగ్, కెంగ్‌సెర్ లాంటి నడకల్లో జరిక్ కింద, అంటే నడుముకి చుట్టుకునే బట్ట కింద, ఏం జరుగుతోందో ఎదురు వీడియోలో తెలియదు. స్వరాలకి వాళ్లు వాడే అంకెల లిపి ఉంది, కెపతిహాన్ అంటారు. అందులో నీ లద్రాంగ్‌ని, గాంగ్, కెనొంగ్ గుర్తులతో సహా, నీ చేత్తో ఒక కాగితం మీద రాసుకుని మాస్టారికి చూపించు. ఫొటోకాపీ తెచ్చుకోవడం వేరు, రాసి దిద్దించుకోవడం వేరు.

ప్రదర్శన దగ్గరికి వద్దాం. గోలెక్ అంటే ఎదుగుతున్న పిల్ల తనను తాను అలంకరించుకోవడం: పౌడరు, అద్దం, జుట్టు, నగలు. ఇది వినగానే నీకు భామాకలాపం గుర్తొస్తుంది. జడ ముందుకు వేసుకుని అద్దం చూసుకునే సత్యభామ ఒంట్లో ఉన్నదానికి ఇదేం కష్టం అనిపిస్తుంది. కష్టం అక్కడే. సత్యభామ చూసుకున్నదంతా కంట్లో, కనుబొమలో, పెదవి కొసలో చెప్పాలి. గోలెక్ పిల్ల అద్దం చూసుకుంటుంది గానీ మనకేమీ చెప్పదు. చూపు దించి కాస్త ముందుగా నేల మీద ఉంటుంది, ముఖం కదలదు. జోగ్జా రాజాస్థానం వాళ్లు నర్తకికి చెప్పే నాలుగు మాటల్లో గ్రెగెత్ ఒకటి. నిప్పు లోపల ఉండాలి, బయటికి పొగ కూడా రాకూడదు. చివరి ప్రదర్శన అనేసరికి మనవాళ్లు ఆఖరి రోజు అభినయం పొంగించేస్తారు, చూసేవాళ్లు చప్పట్లు కొడతారు, మాస్టారు మాత్రం నవ్వి ఊరుకుంటారు. రిహార్సల్‌లో నీ ముఖాన్ని మాత్రమే చూడమని ఒక స్నేహితురాలికి పని అప్పగించు. కనుబొమ లేచినప్పుడల్లా చెప్పమను.

ఇక బాలి. లెగోంగ్ మనకి తొందరగా వస్తుంది, ఒప్పుకుంటాను. కళ్లు ఇటూ అటూ మెరుస్తాయి, మోచేతులు పైకి లేస్తాయి, వేగం ఉంటుంది, కూచిపూడి ఒంటికి చుట్టాల ఇల్లులా ఉంటుంది. అందుకే వద్దంటున్నాను. ఏడాది పాటు కష్టపడి దించుకున్న చూపుని అయిదు రోజుల్లో మళ్లీ లేపేసుకుని వస్తావు, ఆ మరుసటి వారమే గోలెక్ చెయ్యాలి. అయిదు రోజుల్లో నేర్చుకున్న లెగోంగ్‌ని ఇక్కడికొచ్చి చూపించావనుకో, చూసేవాళ్లకి తెలియదు గానీ నీకు తెలుసు. బాలి చూడాలని ఉంటే ప్రదర్శన అయ్యాక వెళ్లు, చూడ్డానికే వెళ్లు. దగ్గర్లో ఉన్నదాన్ని మాత్రం వదలొద్దు. 1961 నుంచి ప్రంబనన్ గుడి పక్కన జరుగుతున్న రామాయణ నృత్యనాటకం ఇంకా చూడకపోతే ఈ వారమే చూడు. మే నుంచి అక్టోబరు దాకా ఆరుబయట వేదిక మీద, వెనక తొమ్మిదో శతాబ్దపు గుడి గోపురాలతో వేస్తారు. సంభాషణల్లేకుండా కథ నడిపిస్తారు. రామతీర్థం గుడికి ఎన్నోసార్లు వెళ్లుంటావు కదా, కథ నీకు కొత్త కాదు, కాబట్టి కథని వదిలేసి కెండాంగ్ హనుమంతుడితో ఎలా మాట్లాడుతోందో విను.

అనుమతి గురించి నువ్వు అడగలేదు గానీ నేను చెప్పాలి. ఇక్కడికొచ్చాక ‘జావా నృత్యం నేర్పుతాం’ అని బోర్డు పెట్టమనేవాళ్లు ఉంటారు. ఏది చెయ్యొచ్చు, ఏది నేర్పొచ్చు, ఏది కుదించొచ్చు అన్నది మీ మాస్టారి నోటితోనే చెప్పించుకో. అన్నీ ఒకటి కాదక్కడ. తొమ్మిదిమంది చేసే బెడయా కెతవాంగ్ సురకర్తా రాజుగారి పట్టాభిషేక వార్షికానికి చేసేది, వేదికకి తెచ్చేది కాదు. బాలిలో అయితే గుడి కోసం చేసేవి, సగం గుడి కోసం చేసేవి, వినోదానికి చేసేవి అని మూడు తరగతులు పెట్టుకున్నారు, 2015లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది కూడా ఆ మూడు తరగతులూ కలిపే. గోలెక్‌కి అంత పట్టింపు లేదు, చెయ్యొచ్చు. అయినా అడిగి రావడంలో తేడా ఉంది. ఆ శైలిని రాజప్రాసాదం గోడ దాటించి బయటివాళ్లకి నేర్పడం మొదలైందే 1918లో, క్రిద బెక్స విరమ అనే సంస్థతో. దాటించినవాళ్ల శిష్యుల శిష్యుల దగ్గర నువ్వు నేర్చుకుంటున్నావు.

ఆహార్యం: జరిక్ రెండు, సంపూర్ రెండు, నడుముకి చుట్టే స్టాగెన్ ఒకటి కొనుక్కో. బెరింగ్‌హర్జో బజారులో దొరుకుతాయి, సీనియర్ అక్కని ఎవరినైనా తోడు తీసుకెళ్లు. పరాంగ్ అనే బాతిక్ డిజైను అందంగా ఉంటుందని ఎగబడకు, ఒకప్పుడు రాజవంశానికే కేటాయించిన డిజైను అది, రాజప్రాసాదం వాకిట్లోకి దాంతో వెళ్లకూడదు. తోలుతో చేసి బంగారు రంగు వేసిన కిరీటం వద్దు. మన సముద్రపు గాలికి, శ్రావణ మాసానికి బూజు పట్టి, రంగు పొలుసులుగా ఊడుతుంది. పెట్టెలో వేస్తే నలుగుతుంది. ఏడాదికోసారి వేసే ప్రదర్శనకి పువ్వులు, చెవిదిద్దులు చాలు. బాకు లాంటి కెరిస్ కొంటే చేతి బ్యాగులో పెట్టనివ్వరు, ఆట చెక్కదైనా సామాన్ల పెట్టెలోనే వెయ్యి. డబ్బు మిగిలితే దాంతో ఒక పని చెయ్యి: ఒంటరిగా జరిక్ కుచ్చిళ్లు పెట్టుకుని స్టాగెన్ చుట్టుకోవడం నేర్చుకో, నేర్పినవాళ్లకి భోజనం పెట్టించు. ఏడాదంతా ఎవరో ఒకరు కట్టి పంపిస్తారు, ఇంటికి వచ్చి అద్దం ముందు నిలబడితే చేతులాడవు.

కాగితాలు. ధర్మసిస్వ డిగ్రీ కాదు, సర్టిఫికెట్టే. రేపు ఇక్కడ ఉద్యోగానికి గానీ పీజీకి గానీ చూపించాలంటే, ఏయే నృత్యాలు నేర్చుకున్నావు, వారానికి ఎన్ని గంటలు, ఎవరి దగ్గర అన్నది లెటర్‌హెడ్ మీద విడిగా రాయించుకో. ఒక దేశం కాగితాల్ని ఇంకో దేశంలో ఒకే ముద్రతో చెల్లించే అపోస్టిల్ ఒప్పందం ఇండోనేషియాలో 2022లో అమల్లోకి వచ్చింది, మన దేశం అంతకు ముందే ఉంది, కాబట్టి ముద్ర వేయించాలంటే అక్కడున్నప్పుడే వేయించడం తేలిక. నివాస అనుమతి గడువు తేదీ చూసుకో, టికెట్ తేదీ కాదు. దాటితే రోజుకి 10 లక్షల రూపయా జరిమానా. గడువుకి ముందే బయల్దేరుతుంటే ఎగ్జిట్ పర్మిట్ కావాలా అని మీ అంతర్జాతీయ విభాగాన్ని సోమవారమే అడుగు, ఆఖరి వారానికి పెట్టుకోకు.

మీ గురువుగారి దిగులు న్యాయమైనదే, కానీ పోయేది అరమండి కాదు. జావా మెండక్‌లో మోకాళ్లు వంచి నెమ్మదిగా నిలబడీ నిలబడీ తొడలు నిజానికి గట్టిపడి ఉంటాయి. పోయేది పాదం కొట్టే అలవాటు. ఏడాదిగా నేలని తడుముతూ నడిచిన పాదానికి వచ్చిన మర్నాడే మూడో కాలం అడుగులు కొట్టిస్తే పిక్కల ముందు ఎముక నొప్పి పట్టుకుంటుంది. మొదటి కాలంలో, సిమెంటు గచ్చు మీద కాకుండా, తక్కువ సేపుతో మొదలుపెట్టి పెంచుకుంటూ పో. అలా చేస్తానని గురువుగారికి ఇప్పుడే ఫోన్‌లో చెప్పెయ్యి, ఆయన మనసు కుదుటపడుతుంది. ఒంటికి రెండు భాషలూ విడివిడిగా నిలదొక్కుకునే దాకా కలపొద్దు. ‘కూచిపూడి జావా ఫ్యూజన్’ అని ఆనందగజపతి ఆడిటోరియంలోనో, శ్రీకాకుళం బాపూజీ కళామందిర్‌లోనో సన్మానంతో పాటు పెట్టిస్తాం అంటారు. సన్మానం చేయించుకో. ఫ్యూజన్‌కి మాత్రం తల ఊపకు. గోలెక్ ఒక్కటే చెయ్యి, ముందు అయిదు నిమిషాలు మైకు పట్టుకుని గాంగ్ వినడం ఎలాగో చెప్పు, జనం చేత ఎనిమిది మీద చప్పట్లు కొట్టించు. మనవాళ్లు హరికథలు విన్నవాళ్లు, చెప్తే పట్టుకుంటారు. చెప్పకుండా మొదలుపెడితే మూడో నిమిషానికి ఫోన్లు తీస్తారు.

ఇక మాస్టారికి ఏం ఇవ్వాలి అన్నావు. డబ్బు కవర్లో పెట్టి ఇవ్వకు. క్లాసంతా కలిసి తుంపెంగ్ చేయించండి, పసుపన్నం గోపురంలా పేర్చి చుట్టూ కూరలు పెడతారు, కొన కోసి పెద్దవాళ్లకి ముందుగా పెడతారు. ఆ కొన మీ మాస్టారికి. నీ తరఫున విడిగా అంటే, పొందూరు ఖద్దరు కండువా కన్నా మంచిది నాకు తోచదు. మీ ఊరికి దగ్గరే. వాలుగ చేప దవడ ఎముకతో దూది శుభ్రం చేసి వడికే నూలని చెబితే, బట్ట విలువ తెలిసిన ఊరు కాబట్టి వాళ్లు దాన్ని వెలుతురుకి పెట్టి చూస్తారు. మీ అమ్మగారిని ఈ వారమే అంతర్జాతీయ స్పీడ్ పోస్టులో వేయమను, పైన కాగితంలో ‘చేనేత నూలు బట్ట, బహుమతి’ అని ఉన్నదున్నట్టు రాయించమను, చిరునామా మాత్రం మీ హాస్టల్‌ది కాకుండా సంస్థ ఆఫీసుది ఇవ్వు.